డబ్లిన్ వెళ్తున్నా: జీతం కూడా రివల్యూట్‌లోనే వేయించుకోవచ్చా?

ఒంగోలు_పిల్ల | 2025 ఆగస్టు 4, సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. సెప్టెంబరు మొదటి వారంలో డబ్లిన్‌లో ఎంఎస్సీలో చేరుతున్నాను. ఫీజు బాధ లేదు, లోన్ ఇచ్చిన బ్యాంకు నేరుగా కాలేజీకే పంపేస్తోంది. నా తలనొప్పంతా చేతి ఖర్చుల గురించి. మొదటి మూడు నాలుగు నెలలకి 3,000 యూరోలు పట్టుకెళ్లమంటున్నారు నాన్న. ఆయన లెక్క ప్రకారం సగం నోట్లు, సగం బ్యాంకు ఇచ్చే ఫారెక్స్ కార్డు.

సీనియర్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒకటే మాట, "రివల్యూట్ పెట్టుకో, ఇంకేం అక్కర్లేదు" అని. ఫోన్ యాప్‌లోనే నడిచే బ్యాంకట. అది విని నాన్న నవ్వారు. "శాఖ లేని బ్యాంకంటే గోడల్లేని ఇల్లే కదమ్మా. డబ్బు పోతే ఏ తలుపు కొడతావు?" అన్నారు. నాకూ సమాధానం తెలియలేదు.

ఒంగోలు నుంచే అకౌంట్ తెరవచ్చా? పార్ట్‌టైమ్ జీతం అందులో పడుతుందా? నాన్న ప్రశ్నకి ఏం చెప్పాలి?

లిఫీ_ఒడ్డున | ఆగస్టు 4, రాత్రి 11:32

చెల్లీ, ఐదేళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నాను. ఒంగోలు నుంచి తెరవడం కుదరదు. ఇండియాలో వాళ్లకి వేరే కంపెనీ ఉంది, దాని అకౌంట్ వేరు, ఇది వేరు. ఇక్కడికొచ్చాక ఐర్లాండ్ ఫోన్ నంబరు, ఉండే అడ్రసు, పాస్‌పోర్టు, ఒక సెల్ఫీ, అంతే. నాకు పావుగంట పట్టింది. తర్వాత నివాస పర్మిట్ కార్డు ఫోటో అడిగారు, పంపాను.

ఇక్కడ అది బ్యాంకు పేరు కాదు, క్రియాపదం! "రివల్యూట్ మీ" అంటారు, మనం "ఫోన్‌పే కొట్టు" అన్నట్టు. యాభై లక్షలు దాటిన జనాభాలో 30 లక్షల మందికి ఉంది. దానికి కారణం ఉంది. మన యూపీఐ లాంటిది ఇక్కడి పాత బ్యాంకులకి లేకపోయింది. సింక్ అని పెద్ద బ్యాంకులు కలిసి ఒకటి తలపెట్టి, జనం చేతికి రాకముందే 2023లో చేతులెత్తేశారు. ఆ మధ్యలోనే అల్‌స్టర్ బ్యాంకు, కేబీసీ బ్యాంకు రెండూ దేశం వదిలి వెళ్లిపోయాయి. జనం మాత్రం ఎక్కడికి పోతారు?

మా ఇంట్లో ఐదుగురం. శనివారం బిర్యానీకి మటన్ ఒకరు తెస్తారు, రాత్రి పన్నెండు లోపల నలుగురి ఫోన్లూ టింగుమంటాయి. ఈ లెక్కల కోసమైనా నీకు అది తప్పదు.

జీతం సంగతి రేపు రాస్తాను. దానికో కథ ఉంది.

పాత_క్యాషియర్ | ఆగస్టు 5, ఉదయం 6:05

అమ్మాయ్, మీ నాన్నగారి ప్రశ్న మంచిదే. దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: "ఫీజు ఎంత" అని కాదు, "ఏ రేటు" అని. కాకినాడలో ఫారిన్ ఎక్స్‌ఛేంజ్ కౌంటర్లో చాలా ఏళ్లు కూర్చున్నాను. "సార్, మీ దగ్గర చార్జీ లేదుగా" అని సంతోషంగా వెళ్లిపోయినవాళ్లని ఎంతమందిని చూశానో. చార్జీ లేదు, నిజమే. అది రేటులో ఉంది.

బ్యాంకులు తమలో తాము కొనుక్కునే రేటు ఒకటుంటుంది, ఇంటర్‌బ్యాంక్ రేటు. గూగుల్లో కొడితే కనిపించేది దాదాపు అదే. మా బోర్డు మీద ఆ రేటు ఉండేది కాదు. టీటీ (బ్యాంకు నుంచి బ్యాంకుకి వైరులో పంపే డబ్బు) అమ్మకం ఒక రేటు, నోట్ల అమ్మకం ఇంకో రేటు. నోట్లది అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే నోటు తెప్పించాలి, దాచాలి, బీమా కట్టాలి.

లెక్క సులువుగా ఉండడానికి యూరో 100 రూపాయలు అనుకుందాం. బ్యాంకు వైరు రేటు 101.50, నోటు రేటు 103 అనుకో. 3,000 యూరోలకి వైరులో 4,500 రూపాయలు, నోట్లలో 9,000 రూపాయలు ఎక్కువ కట్టినట్టు. రసీదులో ఎక్కడా "ఖర్చు" అని రాయరు, నీకు తెలియదు.

ఇంతకంటే ఖరీదు, ఇక్కడి మామూలు డెబిట్ కార్డు అక్కడ గీకడం. చాలా బ్యాంకులు 3.5 శాతం మార్కప్ వేస్తాయి, దానిమీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 4.13 శాతం. ఆ కార్డుని అత్యవసరానికి మాత్రమే ఉంచుకో.

టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే కోసే పన్ను) గురించి ఎవరో ఒకరు భయపెడతారు కాబట్టి ముందే చెబుతున్నాను. ఈ ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటితేనే అది. బ్యాంకు విద్యా రుణం నుంచి వెళ్లిన ఫీజు మీద అసలు లేదు. ఒకవేళ కోసినా అది పోయిన డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

రివల్యూట్ నేను వాడలేదు. మా మనవడు వాడతాడు. మామూలు రోజుల్లో వాళ్లిచ్చే రేటు మా కౌంటర్ రేటుకంటే ఎంత మెరుగో వాడి ఫోన్లో చూసి నాకు కాస్త చిన్నతనంగా అనిపించిన మాట నిజం.

జగిత్యాల_బిడ్డ | ఆగస్టు 5, ఉదయం 11:48

తాతా నమస్తే, లెక్క మస్తు చెప్పిండ్రు. కానీ మేమంతా చేసేది ఇంకా సులువు. రూమ్మేట్‌కి ఇంటికి డబ్బులు పంపాలి, నాకు ఇంటి నుంచి రావాలి. వాడు నాకు ఇక్కడ 500 యూరోలు రివల్యూట్ చేస్తాడు. మా బాపు వాళ్ల బాపుకు అక్కడ గూగుల్ రేటుకే రూపాయలు కొడతాడు. ఫీజు సున్నా, రేటు పక్కా. యాప్ కూడా దండగే!

పాత_క్యాషియర్ | ఆగస్టు 5, మధ్యాహ్నం 12:20

నాయనా, ఆ మాట ఇలా పదిమంది చదివేచోట రాయకు. బయట ఉన్న మనిషికి ముట్టే డబ్బుకి బదులుగా ఇండియాలో ఒకరు ఇంకొకరికి రూపాయలిస్తే ఫెమా చట్టం 3వ సెక్షన్ కిందికి వస్తుంది. విదేశీ మారకం అధీకృత డీలరు ద్వారానే జరగాలి. పట్టుబడితే మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా. ఇరుక్కునేది నువ్వు కాదు, జగిత్యాలలో ఉన్న మీ బాపు.

బెర్లిన్_బాబాయ్ | ఆగస్టు 5, మధ్యాహ్నం 2:15

హహ, జగిత్యాల తమ్ముడు ఒక పెద్ద కంపెనీని రెండోసారి కనిపెట్టాడు.

దేశాల మధ్య డబ్బు పంపే వైజ్ కంపెనీ పుట్టింది సరిగ్గా ఇలాగే. లండన్లో ఇద్దరు ఎస్తోనియా వాళ్లు. తావెట్ హిన్రికుస్ స్కైప్‌లో పనిచేసేవాడు, జీతం యూరోల్లో, బతుకు లండన్లో. క్రిస్టో కార్మన్‌కి జీతం పౌండ్లలో, ఇంటి లోను ఎస్తోనియాలో. ఇద్దరూ బ్యాంకులకి సమర్పించుకుని విసిగిపోయారు. నెలనెలా ఆ రోజు మధ్య రేటు చూసుకోవడం, క్రిస్టో తావెట్ లండన్ అకౌంట్లో పౌండ్లు వేయడం, తావెట్ క్రిస్టో అకౌంట్లో యూరోలు వేయడం. డబ్బు సరిహద్దే దాటలేదు. 2011లో దాన్నే ట్రాన్స్‌ఫర్‌వైజ్ అని కంపెనీ చేశారు. 2021లో పేరు వైజ్ అయింది, లండన్ ఎక్స్‌ఛేంజ్‌లో లిస్టయింది.

తేడా ఏమిటంటే తమ్ముడూ, వాళ్లు లైసెన్సు తెచ్చుకున్నారు. నీ దగ్గర ఉన్నది మీ బాపు ఫోను.

జగిత్యాల_బిడ్డ | ఆగస్టు 5, మధ్యాహ్నం 2:31

సరే సరే. బంద్ చేస్తున్న.

లిఫీ_ఒడ్డున | ఆగస్టు 5, రాత్రి 10:05

జీతం కథ. 2021లో నా మొదటి ఉద్యోగం. హెచ్ఆర్‌కి రివల్యూట్ ఐబాన్ ఇచ్చాను. ఐబాన్ అంటే మన అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కలిపినట్టు ఉండేది, ముందు రెండక్షరాలు దేశం కోడ్. నాది ఎల్‌టీ అని మొదలైంది, అంటే లిథువేనియా. హెచ్ఆర్ ఆవిడ స్క్రీన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "ఇది విదేశీ అకౌంట్, మా సాఫ్ట్‌వేర్ తీసుకోదు" అంది. యూరప్ సెపా (యూరో చెల్లింపుల) రూల్ ప్రకారం ఏ సభ్యదేశం అకౌంటైనా తీసుకోవాల్సిందే, కాదనడానికి వీల్లేదు. అది నాకు అప్పుడు తెలియదు. తెలిసినా చేరిన మొదటి వారంలో హెచ్ఆర్‌తో రూల్ మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది? శాఖ ఉన్న బ్యాంకులో అపాయింట్‌మెంట్‌కి మూడు వారాలు పట్టింది. మొదటి జీతం ఫ్రెండు అకౌంట్లో వేయించుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది, అంత పిచ్చి పని అది.

2023 నుంచి ఐర్లాండ్ వాళ్లకి ఐఈతో మొదలయ్యే నంబర్లు ఇస్తున్నారు కాబట్టి నీకు ఆ గొడవ ఉండదు. జీతం పడుతుంది.

లండన్_పొగమంచు | ఆగస్టు 6, రాత్రి 12:40

పడుతుంది సరే. అందులోనే ఉంచాలా అన్నది అసలు ప్రశ్న. భజన ఎక్కువైంది, నేను కాస్త చెడ్డవాడినవుతాను.

రివల్యూట్‌ని 2015లో ఇద్దరు కలిసి లండన్లోనే పెట్టారు. నిక్ స్టొరాన్‌స్కీ ట్రేడర్, లేమన్‌లోనూ క్రెడిట్ స్విస్‌లోనూ చేశాడు. వ్లాద్ యాత్సెంకో సాఫ్ట్‌వేర్. మొదట వాళ్లు అమ్మింది బ్యాంకు కాదు, ఒక కార్డు. విదేశంలో గీకితే ఇంటర్‌బ్యాంక్ రేటు, అంతే. బ్యాంకు లైసెన్సు తర్వాత వచ్చింది: 2018 డిసెంబరులో లిథువేనియాలో. మా బ్రిటన్లో 2021లో అడిగితే 2024 జులైలో ఇచ్చారు, అదీ ఆంక్షలతో. అంటే సొంత ఊళ్లో లైసెన్సుకి మూడేళ్లు పట్టింది. ఈ ఏప్రిల్‌లోనే లిథువేనియా సెంట్రల్ బ్యాంకు మనీలాండరింగ్ నిఘాలో లోపాలున్నాయని 35 లక్షల యూరోల జరిమానా వేసింది. కంపెనీ విలువ నిరుడే 4,500 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. అంత విలువ ఉన్న చోట ఫోన్ ఎత్తే మనిషి ఎక్కడున్నాడో చూపించండి.

నా అనుభవం ఒకటి. పేరు చెప్పను, ఒక యాప్ బ్యాంకు అనుకోండి. మా ఇంట్లో పన్నెండు మందిమి కలిసి చీటీ వేశాం. మనవాళ్ల జబ్బు తెలిసిందేగా, సముద్రాలు దాటినా చీటీ మానం. నెలకి తలా 200 పౌండ్లు. నేనే పెద్ద. ఒకటో తారీఖు సాయంత్రం గంటలో పదకొండు మంది నుంచి సరిగ్గా రెండేసి వందలు నా అకౌంట్లో పడ్డాయి, పది నిమిషాల్లో మొత్తం పాట పాడుకున్నవాడికి వెళ్లాయి. రెండో నెలలో లోపలికి వచ్చిన డబ్బు బయటికి వెళ్లలేదు. స్క్రీన్ మీద ఒక తాళం బొమ్మ, "మీ ఖాతాను పరిశీలిస్తున్నాం" అని ఒక వాక్యం. చాట్‌లో మొదట బాట్, తర్వాత మనిషి, ఆ తర్వాత ఇంకో మనిషి. ప్రతివాడూ మొదటి నుంచి అడిగాడు. "చిట్ ఫండ్" అంటే ఏమిటో ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి పంపాను. రాస్తుంటే నాకే అది మోసంలా వినిపించింది! పదకొండు రోజులు. జీతం అందులోనే. ఇంటి అద్దెకి మా బావమరిది దగ్గర చెయ్యి చాచాను.

తప్పు నాది కూడా ఉంది, కాదనను. కంప్యూటరుకి అది చీటీయో, దొంగ సొమ్ము తిప్పడమో ఎలా తెలుస్తుంది? కానీ శాఖ ఉంటే వెళ్లి కుర్చీలో కూర్చునేవాడిని.

లిఫీ_ఒడ్డున | ఆగస్టు 6, ఉదయం 8:15

లండన్ అన్నా, చీటీ కథ చదివి బస్సులో పైకే నవ్వాను, సారీ. కానీ బ్రిటన్ భయాన్ని ఐర్లాండ్‌కి తేకండి. ఈ 2025 ఆగస్టు నాటికి మీ దగ్గర ఆ లైసెన్సు ఇంకా పూర్తిగా అమల్లోకి రాక డబ్బు ఈ-మనీ కింద ఉంటుంది. దాన్ని విడిగా భద్రపరుస్తారు గానీ డిపాజిట్ గ్యారంటీ కాదు. ఇక్కడ మాది బ్యాంకు అకౌంటే. లిథువేనియా డిపాజిట్ బీమా ఉంది, మనిషికి 1,00,000 యూరోల దాకా. ఇండియాలో బ్యాంకు మునిగితే ఇచ్చేది 5 లక్షల రూపాయలే.

కాబట్టి ఒంగోలు చెల్లీ, మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు: బ్యాంకు మునిగిపోతే కొట్టడానికి తలుపుంది, లిథువేనియా రాజధాని విల్నియస్‌లో. అకౌంట్ తాత్కాలికంగా ఆగిపోతే మాత్రం తలుపు లేదు, చాటే గతి. నేను చేసేది చెబుతాను. జీతం శాఖ ఉన్న బ్యాంకులో పడుతుంది, వారానికి 150 యూరోలు రివల్యూట్‌కి తోసుకుంటాను. జేబుకి అది, బీరువాకి ఇది.

ఇంకోటి, ఇది ముఖ్యం. కాలేజీ మొదలైన నెలలోపే ఎవడో ఒకడు మెసేజ్ పెడతాడు: "నీ అకౌంట్లోకి 3,000 వస్తాయి, 200 నువ్వుంచుకుని మిగతాది పంపు" అని. మనవాడే అయి ఉండొచ్చు, "అక్కా" అనే పిలుస్తాడు. అది దొంగ సొమ్ము. ఇక్కడి చట్టంలో మనీలాండరింగ్‌కి 14 ఏళ్ల దాకా జైలు ఉంది. కేసు పడితే వీసా మాట ఇక చెప్పక్కర్లేదు.

నిర్వాహకుడు | ఆగస్టు 6, ఉదయం 9:00

రిఫరల్ లింకులు పెట్టిన మూడు పోస్టులు తీసేశాను. "ఈ లింకుతో చేరితే నాకు 50 యూరోలు" అనేవాళ్లు కనీసం ఆ అమ్మాయికి సగం ఇస్తామనైనా రాయండి.

బెర్లిన్_బాబాయ్ | ఆగస్టు 6, మధ్యాహ్నం 1:25

చీటీల్లో పడి అసలు విషయం వదిలేశారు. చవక అన్నది ఎప్పుడు, ఎంతవరకు?

రివల్యూట్ ఫ్రీ ప్లాన్‌లో నెలకి 1,000 యూరోల దాకా మార్చుకుంటే ఇంటర్‌బ్యాంక్ రేటు, అది దాటితే 1 శాతం. ఏటీఎంలో నెలకి 200 యూరోలు లేదా ఐదుసార్లు ఉచితం, తర్వాత 2 శాతం. వారాంతంలో ఇంకో 1 శాతం. ఈ చివరిదే ఎవరూ చూడరు. శుక్రవారం న్యూయార్క్‌లో సాయంత్రం ఐదింటికి కరెన్సీ మార్కెట్ మూస్తారు, మళ్లీ ఆదివారం సాయంత్రం తెరుస్తారు. ఆ మధ్యలో రేటు తెలియదు కాబట్టి కంపెనీ తన రిస్కు మన మీద వేస్తుంది. డబ్లిన్ టైములో శుక్రవారం రాత్రి పది నుంచి ఆదివారం రాత్రి పదకొండు దాకా అనుకో. మనం ఊళ్లు తిరిగేది సరిగ్గా అప్పుడే కదా!

ఉచితంగా ఇస్తే వాళ్లకేం లాభం అంటే, గీకిన ప్రతిసారీ దుకాణం వైపు నుంచి వాళ్లకి కొంచెం ముడుతుంది. యూరప్‌లో డెబిట్ కార్డుకి 0.2 శాతం మించకూడదని రూలు. ఆ చిల్లరకి నెలవారీ ప్లాన్లు, క్రిప్టో, డిపాజిట్ల మీద వడ్డీ కలిపి నిరుడు పన్నుకి ముందు వంద కోట్ల పౌండ్లకి పైగా లాభం చూపించారు. మన శనివారాలు కూడా అందులో ఉన్నాయి.

అసలు దెబ్బ తగిలేది ఇంకోచోట. ప్రాగ్‌లో పాత ఊరి చౌరస్తా పక్కన ఒక ఏటీఎం. మా ఆవిడ కార్డు పెట్టింది. 4,000 కొరునాలు (అక్కడి డబ్బు) కొట్టింది. స్క్రీన్ మీద పెద్ద ఆకుపచ్చ బటన్: "యూరోల్లో తీసుకోండి, రేటు గ్యారంటీ". కింద మూలన బూడిద రంగులో చిన్న అక్షరాలు: "కన్వర్షన్ వద్దు". ఆకుపచ్చ చూడగానే వేలు దానికే వెళ్తుంది. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ గ్యారంటీ రేటు మామూలు రేటుకంటే పన్నెండు శాతం ఎక్కువ, బాత్రూంలోకి వెళ్లి లెక్క వేసుకుని వచ్చాను (ఆవిడ ముందు లెక్కలు వేస్తే గొడవ). ఎక్కడైనా సరే, ఏటీఎం గానీ హోటల్ మెషీన్ గానీ "మీ కరెన్సీనా, మా కరెన్సీనా" అని అడిగితే ఆ ఊరి కరెన్సీనే నొక్కు. మన కరెన్సీ నొక్కావంటే నీ కార్డు ఎంత మంచి రేటిచ్చినా దండగ, మార్చేది ఆ మెషీనువాడే.

ఒంగోలు_పిల్ల | ఆగస్టు 7, రాత్రి 8:50

అందరికీ చాలా థాంక్స్. మొత్తం నాన్నకి చదివి వినిపించాను. చీటీ దగ్గర రెండుసార్లు చదివించుకున్నారు. ఫైనల్‌గా 400 యూరోలు నోట్లు, 1,200 యూరోలు ఫారెక్స్ కార్డులో. మిగతాది అక్కడ అకౌంట్ తెరిచాక బ్యాంకు నుంచి వైరు.

పాత క్యాషియర్ గారూ, మీరు చెప్పినట్టే కౌంటర్లో "ఏ రేటు, గూగుల్ రేటుకి ఎంత ఎక్కువ" అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూసి, ముప్పై పైసలు తగ్గించాడు!

పాత_క్యాషియర్ | ఆగస్టు 7, రాత్రి 9:02

అడిగితే తగ్గుతుందమ్మా. మేమూ తగ్గించేవాళ్లం. అడిగేవాళ్లు తక్కువ.

ఒంగోలు_పిల్ల | సెప్టెంబరు 28, ఆదివారం, సాయంత్రం 6:30

అప్‌డేట్. వచ్చి మూడు వారాలైంది. రివల్యూట్ అకౌంట్ రెండో రోజే తెరిచాను. కార్డు వారానికి వచ్చింది, తెల్ల కవరులో, పైన మా ఇంటి ఓనరు నా పేరు తప్పుగా చదివి పెన్నుతో గీసిన గీతతో సహా. శాఖ ఉన్న బ్యాంకులో అపాయింట్‌మెంట్ అక్టోబరు 9కి ఇచ్చారు. చీటీకి పిలుపు మూడో రోజే వచ్చింది, ఎనిమిది మంది, నెలకి 150. లండన్ అన్న కథ గ్రూపులో పెట్టాను. ఇప్పుడు నన్ను ఆ గ్రూపులోంచి తీసేశారు.

ఒక కేఫ్‌లో పని దొరికింది. గంటకి 13.50 యూరోలు, ఈ 2025లో ఇక్కడి కనీస వేతనం. మొదటి వారం 14 గంటలు చేశాను. పీపీఎస్ నంబరు (మన పాన్ లాంటిది) ఇంకా రాలేదు కాబట్టి ఎమర్జెన్సీ ట్యాక్స్ కింద బాగానే కోశారు, తర్వాత వెనక్కి వస్తుందట. అయినా మొదటి జీతం మొదటి జీతమే. అందులో 50 యూరోలు నాన్నకి పంపుదామని ఇవాళ మధ్యాహ్నం యాప్ తెరిచాను. ఎన్ని రూపాయలు చేరతాయో చూపించింది, కింద వారాంతం చార్జీ అని ఒక లైను. బెర్లిన్ బాబాయ్ గుర్తొచ్చారు. మూసేసి, రేపు పంపుతానని నాన్నకి ఫోన్ చేశాను.

"ఏం, ఇవాళ ఎందుకు కుదరదు?" అన్నారు. ఆదివారం కదా నాన్నా అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "శాఖే లేని బ్యాంకుకి ఆదివారం సెలవేమిటే?" అన్నారు.